ఒక లైను చదివేంత సేపు

సూపర్వైజరు గుండుసూదితో పళ్లు కుట్టుకున్నాడు. సందులో ఇరుక్కున్నదేదో బయటికొచ్చాక దాన్ని కాసేపు చూసి, సూదిని చొక్కా అంచుకి తుడిచి, మళ్లీ డబ్బాలో వేశాడు. మధ్యాహ్నం ఆ డబ్బా హాలంతా తిరుగుతుంది. కాగితాలు సర్దుకునేటప్పుడు సూదిని పెదాల మధ్య పెట్టుకునే అలవాటు అక్కడ సగంమందికి ఉంది.

నిదానమ్మ అది చూసి కళ్లు స్క్రీను మీదికి తిప్పుకుంది.

ఆమె పేరు అది కాదు. ఆ పేరు పెట్టింది సూపర్వైజరే. మొదట వెటకారంగా అన్నాడు. తర్వాత హాల్లో ఆడవాళ్లు అభిమానంగా అన్నారు. ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా కనిపించదు.

హాల్లో పని ఒకటే. ఒక పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి పేరుకున్న రోగుల కాగితాలన్నిటికీ ఫోటోలు తీశారు. ఆ ఫోటో స్క్రీనుకి ఎడమవైపు వస్తుంది. డాక్టరు రాసింది చదివి కుడివైపు గళ్లలో టైపు చెయ్యాలి. డాక్టర్ల చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. నిదానమ్మ స్క్రీనుకి వేలు ఆనించి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని చదువుతుంది. చదివాక టైపు చెయ్యడానికి ఎంతోసేపు పట్టదు. చదవడానికే పడుతుంది. అక్షరాలు ఆమెకి చిన్నప్పటి చుట్టాలు కావు, నడివయసులో కలిసిన వియ్యాలవారు. ఆచితూచి, మర్యాదగా పలకరించాలి.

ఇప్పుడు స్క్రీను మీదున్నది ఎవరో ముసలాయన కాగితం. గుండెజబ్బు మాత్ర పొద్దున సగమే వేసుకోవాలా, ఒకటిన్నరా అన్నది తేలడం లేదు. అంకె పక్కనున్నది గీతో, కాగితం మీది మరకో. నిదానమ్మ ముందుకు వంగింది. కింది వరసల్లో అదే డాక్టరు ఒకటి ఎలా రాశాడో వెతికింది.

అంతలో బల్ల కిందున్న కంప్యూటరు పెట్టె మూలిగింది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. వేడిగాలి ఆమె పిక్కల మీదికి కొట్టింది, జ్వరం వచ్చినవాళ్లు పక్కన పడుకుని ఊపిరి వదిలినట్టు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

సగమే. మరకే అది. తేలిపోయింది. ఆమె టైపు చేసింది. స్క్రీను మీద ఏమీ పడలేదు. మళ్లీ చేసింది. పడలేదు. ఇంకోసారి మీట నొక్కేసరికి, వాంతి అయినట్టు అన్ని అక్షరాలూ ఒక్కసారే పడ్డాయి, ఒక్కొక్కటీ మూడేసి సార్లు. వాటిని చెరిపేసరికి తర్వాత చదువుకున్న వరస మనసులోంచి జారిపోయింది. మళ్లీ వేలు ఆనించింది. చదవడం మొదలుపెట్టగానే కింద మళ్లీ మూలుగు, మళ్లీ వేడి.

"ఏమ్మా నిదానమ్మా!" సూపర్వైజరు తన బల్ల దగ్గర్నించే అరిచాడు. "ముసలాయన ఇంకా ఉన్నాడా, నువ్వు చదివేలోగా పోయాడా?"

హాలు నవ్వింది. నవ్వకపోతే తర్వాతి మాట తమ మీద పడుతుందని అందరికీ తెలుసు.

"మిషను ఆగిపోతోందండీ. వేడి కూడా కొడుతోంది."

"పనిచేసే మిషను వేడెక్కుతుందమ్మా. పనిచేసే మనిషి కూడా వేడెక్కుతుంది. నువ్వే చల్లగా ఉన్నావు." అతను తన స్క్రీను ఇటు తిప్పాడు. దానిమీద హాల్లో ఒక్కొక్కరికీ ఒక్కో గీత ఉంటుంది. చురుగ్గా చేసేవాళ్లది పచ్చగీత, వెనకబడినవాళ్లది ఎర్రగీత. "అందరికంటే పొట్టిది ఎవరిదో చూసుకో. వారాఖరికి అడుగున ఉన్నవాళ్లని ఇంటికి పంపించెయ్యమని పైనుంచి వచ్చింది. నన్ననుకుని లాభం లేదు. ఇది కంపెనీ, ధర్మసత్రం కాదు."

హాల్లో అన్నిటికంటే పొడుగు పచ్చగీత టపటప అని అందరూ పిలిచే పిల్లది. ఆ పిల్ల చదవదు. కొడుతుంది. ఎడమవైపు ఉన్నదానికీ కుడివైపు కొట్టినదానికీ పెద్దగా సంబంధం ఉండనక్కర్లేదన్నది ఆమె మతం. మొన్నొక రైలు డ్రైవరుకి కాన్పు తేదీ ఎక్కించింది. నిదానమ్మ పక్కసీటు పిల్ల అది చూసి, "పురుడు ఎవరు పోస్తారే?" అంటే, "రైల్వేవాళ్లు పోస్తారు, ఎన్ని బోగీలు లేవు!" అంది. తప్పులు పట్టేవాళ్లు హాల్లో లేరు. గీత కొలిచేవాడే ఉన్నాడు.

పక్కసీటు పిల్ల నెలలు నిండుతున్న మనిషి. కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కోవడం కుదరక, చేతులు బారచాపి టైపు చేస్తుంది. నిదానమ్మ వైపు వంగి గొణిగింది. "ఆ సూది నాకూ కావాలనుంది అక్కా. పళ్లు కుట్టుకోడానికి కాదు. వాడి నోరు కుట్టడానికి."

నిదానమ్మకి నవ్వొచ్చింది. కానీ ఎర్రగీత కళ్లలోంచి పోవడం లేదు. ఆ సీటు పోతే ఆమెకి పోయేది జీతం ఒక్కటే కాదు. పొద్దున్నే తలుపు తీసుకుని బయటికి నడిచే హక్కు పోతుంది. ఇంట్లో ఒక మూల కూర్చుని, ఒకరు పెడితే తినాలి. ఎవరూ మాట అనకపోయినా, పెట్టే చెయ్యి ఆగిన చప్పుడు వింటూ తినాలి.

సాయంత్రం ఇంట్లో తోడికోడలు చాపమీద గంపెడు బఠాణీకాయలు పోసుకుని ఒలుస్తోంది. నిదానమ్మ ఎదురుగా కూర్చుని తనూ అందుకుంది. మరిది బట్టలు మార్చుకుని వచ్చి వాళ్లిద్దరి మధ్యా చతికిలబడ్డాడు. అతను అదే కంపెనీలో పై అంతస్తులో ప్రోగ్రాములు రాస్తాడు. వదినకి ఆ సీటు ఇప్పించింది అతనే. నాలుగు రోజులుగా అతని ముఖంలో పెళ్లికళ ఉంది.

"శుక్రవారం వాళ్లొస్తున్నారు," అన్నాడు. "మన ప్రోగ్రాము చూడ్డానికే."

"మన ప్రోగ్రామేంటి, మీ ప్రోగ్రాము," అంది అతని భార్య. "నాకు బఠాణీలు తప్ప ఏం తెలుసు?"

"బఠాణీల్లోనే ఉంది కిటుకంతా. ఇలా చూడు." అతను రెండు చేతులా కాయలు తీసుకున్నాడు. "ఈ గంపంతా నువ్వొక్కదానివే ఒలిస్తే ఎప్పటికి తెములుతుంది? తలా గుప్పెడు పంచామనుకో, చిటికెలో అయిపోతుంది. ఎవరి చేతులు ఖాళీ అయితే వాళ్లకి ఇంకో గుప్పెడు. మేం చేసేదీ అదే. ఏటికి వరదొస్తే నీళ్లు ఊళ్లో ఎక్కడిదాకా వస్తాయో లెక్క కట్టాలి. అంత లెక్క ఒక్క మిషను కట్టలేదు. పెద్ద మిషను కొనాలంటే మా పెద్దసారు ఇల్లమ్ముకోవాలి. అందుకని ఊరి మ్యాపుని గళ్లుగళ్లుగా కోశాం. హాల్లో మిషన్లన్నిటినీ వైర్లతో కలిపాం. తలా ఒక గడి. ఈ గడిలో నీళ్లు పక్క గడిలోకి పోవాలి కదా, అందుకని ఒకటి తెమలకపోతే పక్కవి దానికోసం ఆగాలి. అదొక్కటే చిక్కు."

"మంచి పనే," అంది నిదానమ్మ. "ఆ వీధులవాళ్లకి ముందే చెబుతారా?"

మరిది నవ్వాడు. "చెప్పేదేముంది వదినా, వచ్చేది ఇళ్లు కట్టి అమ్మేవాళ్లు. నీళ్లొచ్చే వీధుల్లోవి ముందు అమ్మేసుకుంటారు. రాని వీధుల్లో ధర పెంచుకుంటారు."

తోడికోడలు "ఛీ" అంది. అతను వినిపించుకోలేదు.

నిదానమ్మ చేతిలో ఒక కాయ ఆగింది. తొక్క మీద చిన్న చిల్లు ఉంది. ఆమె దాన్ని వెలుతురుకి పట్టుకుని చూస్తోంది. మరిది తన చేతిలో గుప్పెడూ ఆమె ఒళ్లో పోశాడు.

"ఇదేంటయ్యా!"

"నీ చేతులు ఖాళీగా ఉన్నాయిగా."

"ఖాళీగా ఎక్కడున్నాయి? పురుగు చూస్తున్నా."

ముగ్గురూ నవ్వారు. ఆమె కాయ చీల్చింది. పురుగు ఉంది, గింజ రంగులోనే, గింజలో సగం దూరి. దాన్ని తొక్కతో సహా పక్కన పెట్టి, మామూలుగా అడిగింది.

"అయితే మేం పనిచేసుకునే మిషన్ల మీద మీ పని ఎప్పుడు చేస్తారు?"

"మీరు ఖాళీగా ఉన్నప్పుడే. మీట మీద చెయ్యి పడకపోతే మిషను ఖాళీ అన్నమాట. మా ప్రోగ్రాము వచ్చి కూర్చుంటుంది. చెయ్యి పడిందా, లేచి పోతుంది."

"వెంటనే పోతుందా?"

"చేతిలో ముద్ద మింగి పోతుంది."

"అదా," అంది నిదానమ్మ. "నేను చదవడానికి ఆగినప్పుడల్లా కాళ్లమీదికి వేడి కొడుతోంది. నీ ముద్ద వేడేనన్నమాట."

మరిది నవ్వు అక్కడితో తెగింది. "చల్లారిపోతుంది, లేవండి తిందాం," అన్నాడు. ఇంకా ఎవరూ ఏమీ వడ్డించలేదు.

తిన్నాక ఆమె కంచాలు కడుగుతుంటే అతను మంచినీళ్ల వంకతో వచ్చి పక్కన నిలబడ్డాడు. గ్లాసు నింపుకున్నాడు కానీ తాగలేదు.

"వదినా, కీబోర్డులో ఎడమ మూల అక్షరం పడని మీట ఒకటి ఉంటుంది చూడు, బాణం గుర్తుది. చదువుకునేటప్పుడు చిటికెనవేలితో దాన్ని నొక్కుతూ ఉండు. ఏమీ పడదు. మిషను మాత్రం నువ్వు పనిలో ఉన్నావనుకుంటుంది. మాది రాదు."

ఆమె కుళాయి కట్టేసింది. "నా గీత ఎర్రగా ఉన్నది దీనివల్లనేనా?"

"కొంత."

"నీకు తెలుసా?"

అతను గ్లాసులోకి చూశాడు. "ముందు చాలాసేపే పెట్టాను వదినా. అంతసేపు చెయ్యి పడకపోతేనే ఖాళీ అనుకోవాలని. అప్పుడు మిషన్లే దొరకలేదు. ఎవరూ అంతసేపు ఆగరు. పెద్దసారు స్పీడు లేదన్నాడు. తగ్గిస్తూ వచ్చాను."

"ఎంతకి తగ్గించావు?"

అతను గ్లాసుని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"చెప్పు, నాకు లెక్కలు రావు. నాకు తెలిసేటట్టు చెప్పు."

"నువ్వు ఒక లైను చదివేంత సేపు," అన్నాడు. "కాస్త తక్కువ. మామూలుగా ఒక మనిషి ఎంతసేపు ఆగుతాడో తెలియాలి కదా. ఇంట్లో నువ్వు పేపరు చదువుతుంటే చూశాను. హాల్లో అందరికంటే ఎక్కువ ఆగేది నువ్వే. నీ దగ్గర దొరికితే అందరి దగ్గరా ఎంతో కొంత దొరుకుతుంది."

ఆమెకి పొద్దుటి పేపరు గుర్తొచ్చింది. కిటికీ పక్క కుర్చీ. వేలు కింద పెట్టుకుని తను చదువుతుంటే, ఎదురుగా ఇతను కాఫీ తాగుతూ ఎప్పుడూ లేనంత ప్రేమగా తనవైపే చూడడం. చూస్తే ముచ్చటేసింది కూడా. మరిది మురిసిపోతున్నాడనుకుంది.

"మేం ఇళ్లకి పోయాక నడుపుకోవచ్చుగా?"

"అప్పుడు కాపలావాడు ఉండాలి, చల్లగాలి మిషను నడవాలి. పెద్దసారు ఒప్పుకోడు. అయినా వృథాగా పోయేదాన్ని వాడుకోవడమే కదా ఇందులో గొప్ప."

"సూపర్వైజరుకి చెప్పు పోనీ."

"హాల్లోవాళ్లకి తెలిస్తే అందరూ మిషను వంక పెడతారు, చెప్పొద్దన్నారు పైన. నీ మిషనొక్కటే వదిలేస్తే ఇంటిమనిషని వదిలేశాడంటారు. అందుకే ఈ ఉపాయం. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు. అందరూ నొక్కుతూ కూర్చుంటే శుక్రవారం నా పరువు పోతుంది."

అతను నీళ్లు పారబోసి వెళ్లిపోయాడు. కంచంలో మెతుకులు సబ్బునీళ్లలో తేలుతున్నాయి. ఆమె వాటిని చేత్తో ఎత్తి పారేసి, మిగిలిన కంచాలు కడిగింది.

మర్నాడు ఆమె ఆ మీట నొక్కింది. ముసలాయన తర్వాతి కాగితం ఒక చంటిపిల్లది. నాలుగు రకాల చుక్కల మందులున్నాయి. కుడిచేతి వేలు స్క్రీను మీద, ఎడమ చిటికెనవేలు మీట మీద. టిక్, టిక్. కింద పెట్టె కుక్కపిల్లలా పడి ఉంది. టైపు చేసిన అక్షరం చేసినట్టే పడింది. మధ్యాహ్నానికి ఆమె గీత పసుపుకి తిరిగింది. సాయంత్రానికి పచ్చబడింది.

సూపర్వైజరు వెనక వచ్చి నిలబడ్డాడు. అతని దగ్గర నిన్నటి చొక్కా వాసన. "చూశారా! నాలుగు పెడితే గాని పని రాదు. ఇక నిన్ను నిదానమ్మ అనకూడదు. ఏమందాం, వేగమ్మా?" అని ఆమె కుర్చీ వీపు మీద చరిచాడు. ఆ చరుపు ఆమె వెన్నులోకి దిగింది. తిట్టినప్పుడు ఇంత అసహ్యం వెయ్యలేదు.

అప్పుడు పక్కనించి మూలుగు వినిపించింది.

పక్కసీటు కింద పెట్టె అది. ఆ పిల్ల మాటిమాటికీ లేచి బాత్రూంకి వెళ్లక తప్పదు. వెళ్లొచ్చేసరికి మిషను వేడెక్కి ఉంటోంది. ఇన్నాళ్లూ నిదానమ్మ దగ్గర ఎక్కువసేపు కూర్చున్న ప్రోగ్రాము ఇప్పుడు ఆ పిల్ల దగ్గర మకాం పెట్టింది. ఉబ్బిన పాదాలమీదికి గాలి కొడుతుంటే ఆమె చెప్పులు విప్పి, కాళ్లు కుర్చీ కోళ్లకి చుట్టుకుంది. మీట కొట్టి, ఆగి, స్క్రీను వంక నోరు తెరుచుకుని చూస్తోంది.

"నాకేమన్నా అవుతోందా అక్కా? కొట్టిన అక్షరం కొట్టలేదనిపిస్తోంది. కొట్టనిది కొట్టాననిపిస్తోంది. నెలలు నిండితే మతి పోతుందంటుంది మా అత్త. నిజమేనా?"

అసలు సంగతి నిదానమ్మ నోటిదాకా వచ్చింది. మరిది మాట గుర్తొచ్చింది: శుక్రవారం నా పరువు పోతుంది. ఆమె తల అడ్డంగా ఆడించి, తన స్క్రీను వైపు తిరిగింది. చిటికెనవేలు దాని పని అది చేసుకుపోతోంది.

కాసేపటికి సూపర్వైజరు ఆ పిల్ల దగ్గర ఆగాడు. "రెండు ప్రాణాలు కూర్చున్నాయి ఇక్కడ. ఒక్క మనిషి పని కూడా కనపడదేం? రెండోవాడికి కూడా టైపు నేర్పు."

ఈసారి హాలు అంతగా నవ్వలేదు. టపటప ఒక్కతే అలవాటుకొద్దీ మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

ఆ పిల్ల లేచి వెళ్లింది. ఎంతకీ రాలేదు. నిదానమ్మ వెళ్లి చూస్తే, బాత్రూంలో తుప్పుపట్టిన తొట్టి అంచు పట్టుకుని వంగి ఉంది. పొద్దున తిన్న బిస్కెట్లు తొట్టిలో ఉన్నాయి. కుళాయి తిప్పితే గాలి తప్ప నీళ్లు రావడం లేదు. ఎవరో నమిలి పారేసిన చూయింగ్‌గమ్ము తొట్టి చిల్లుకి అడ్డం పడి ఉంది. నిదానమ్మ దాన్ని వేళ్లతో తీసి, సీసాలో నీళ్లు తెచ్చి, ఆ పిల్ల ముఖం కడిగింది.

"తీసేస్తారేమో అక్కా. పురుడు దాకా లాగితే చాలనుకున్నాను."

"నోరు పుక్కిలించు."

"నీదెట్లా పచ్చగైంది? నాకూ చెప్పరాదూ."

నిదానమ్మ చేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా గమ్ము జిగట పోలేదు. తను చేసిన పని ఏమిటో ఆమెకి అప్పుడు సూటిగా కనిపించింది. తన ఒళ్లో పోసిన గుప్పెడు తీసి పక్కదాని ఒళ్లో పోసింది. అంతే. ఆ పైన మంచిదానిలా ముఖం కడగడానికి వచ్చింది. ఇక్కడ ఉన్నవాటిలో వాంతి ఒక్కటే కాస్త శుభ్రమైనదిలా ఉంది.

"చెబుతా," అంది. "ఎడమ మూల బాణం గుర్తు మీట చూశావా?"

మాట ఇద్దరి మధ్య ఆగేది కాదు. మర్నాడు నిదానమ్మ నీళ్ల డబ్బా దగ్గర కళ్లజోడావిడకి చెప్పింది. ఆవిడ మాటిమాటికీ అద్దాలు తుడుచుకోడానికి ఆగుతుంది. మణికట్టు నొప్పావిడకి చెప్పింది. ఆమె ప్రతి కాగితానికీ ఒకసారి చెయ్యి దులుపుకుంటుంది. తన పేరు దాచుకోలేదు, మరిది పేరు చెప్పలేదు.

"నాకు తెలిసింది ఇంతే. మనం ఆగినప్పుడల్లా పైవాళ్లు మన మిషను వాడుకుంటున్నారు. మనం మళ్లీ మొదలుపెట్టినా తొందరగా లేవరు. దీన్ని నొక్కుతుంటే రారు. నిన్న నా దగ్గర రానివ్వకపోతే ఈ పిల్ల మీద పడ్డారు. అందుకని నొక్కితే అందరం నొక్కాలి."

"దొంగల్లారా!" అంది కళ్లజోడావిడ. "నేను కళ్లకి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. అక్షరాలు ఆలస్యంగా కనపడుతున్నాయంటే, అద్దం మార్చాడు!"

టపటప మూతి విరిచింది. "నేను ఆగితే కదా! నాకెందుకు?"

"నువ్వు కూడా ఆగు ఒకసారి," అంది పక్కసీటు పిల్ల. "ఆగి చదువు. ఇంజను డ్రైవర్లకి పురుళ్లు తప్పుతాయి."

టపటప నవ్వింది. నవ్వి, తన సీటుకి పోయి, చిటికెనవేలు పెట్టి చూసుకుంది. "హాయిగానే ఉంది," అంది.

శుక్రవారం పొద్దున్నే నేల ఫినాయిలుతో తుడిపించారు. వచ్చేవాళ్లకి కనపడేంత మేరే తుడిపించారు. మూలల్లో దుమ్ము తడిసి బురదయ్యింది. గోడకి పెద్ద స్క్రీను తగిలించారు. దానిమీద ఊరి మ్యాపు, గళ్లుగళ్లుగా, తెల్లగా. గడి లెక్క తెమిలితే నీలంగా మారాలి.

పెద్దసారు ముందు, ఇళ్ల కంపెనీవాళ్లు వెనక, చివర మరిది. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. పొద్దున దాన్ని ఇస్త్రీ చేసింది నిదానమ్మే. వచ్చినవాళ్లలో ఒకడు హాల్లో అడుగుపెట్టగానే జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. ఆ రుమాలు సెంటు వాసన చివరి వరస దాకా వచ్చింది.

"ఇదండీ మా పెద్ద మిషను," అన్నాడు పెద్దసారు, పశువులని చూపించేవాడిలా చెయ్యి ఊపి. "విడిగా కొనలేదు. వీళ్లు టైపు చేస్తూ మధ్యమధ్య ఆగుతారు. దిక్కులు చూస్తారు, ఆవలిస్తారు, లేచి పోతారు. అలా ఆగిన ప్రతి క్షణాన్నీ మేం పట్టుకుంటాం. చుక్క వృథా పోనివ్వం."

రుమాలాయన నిదానమ్మ వైపు ఆసక్తిగా చూశాడు. ఆమె వేలు స్క్రీనుకి ఆనించి ఉంది. పెదాలు కదులుతున్నాయి. "ఈవిడలాగానా?" అన్నాడు.

"సరిగ్గా! ఇలాంటివాళ్లే మాకు బంగారుగనులు," అన్నాడు పెద్దసారు. అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. మీట నొక్కి ప్రోగ్రాము మొదలుపెట్టాడు.

మ్యాపులో ఒక గడి నీలంగా మారింది. అది మరిది సొంత మిషనుది. పక్క గళ్ల కోసం ఆగింది. పక్క గళ్లు తెల్లగానే ఉన్నాయి. అందరూ గోడ వంక చూస్తూ నిలబడ్డారు. పెద్దసారు దగ్గాడు. ఒకడు గడియారం చూసుకున్నాడు. హాల్లో ఎక్కడా మూలుగు లేదు, వేడి లేదు. టిక్, టిక్ అని పైకప్పు మీద సన్నగా తుంపర పడుతున్నట్టు ఒక చప్పుడు.

"ఏమైంది?" అన్నాడు పెద్దసారు, పెదాలు కదపకుండా.

మరిది గోడ మీంచి కళ్లు దించాడు. వరసలో మొదటి ఆవిడ చేతులు చూశాడు. రెండో ఆవిడ చేతులు చూశాడు. కుడిచెయ్యి ఒడిలోనో, కళ్లజోడు మీదో, నిండు కడుపు మీదో ఉంది. ఎడమ చిటికెనవేలు లేస్తోంది, పడుతోంది. చివరికి వదిన దగ్గరికి వచ్చి అతని చూపు ఆగింది. ఆమె కూడా తలెత్తి చూసింది. వేలు మాత్రం ఆపలేదు.

ఒక్క మాట చాలు అతనికి. చేతులు తియ్యమనండి అంటే చాలు.

"ఖాళీ మిషన్లు లేవు సార్," అన్నాడు మరిది. "అందరూ పనిలో ఉన్నారు."

"అందరూనా?"

"అందరూనే."

తన వంతు వచ్చిందనుకున్నాడు సూపర్వైజరు. రెండడుగులు ముందుకేసి, రొమ్ము విరిచాడు. "నా హాల్లో ఎవ్వరినీ ఒక్క క్షణం ఖాళీగా ఉండనివ్వను సార్! గీతలు చూడండి, అన్నీ పచ్చవే!"

రుమాలాయన పెద్దసారు వంక చూసి, "అయితే మీ దగ్గర వృథా పోయేదేమీ లేదన్నమాట," అన్నాడు. అది మెచ్చుకోలు కాదని సూపర్వైజరుకి తప్ప అందరికీ తెలిసింది. వాళ్లు కబురు చేస్తామని చెప్పి మెట్ల వైపు నడిచారు. పెద్దసారు వాళ్ల వెనక నవ్వుతూ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, పళ్లు కొరికాడు.

"ఇంతమాత్రం తెలియదా నీకు? వీళ్లు ఇళ్లకి పోయాక నడిపి చావచ్చుగా! ఇవాళ్టినించి అలాగే చెయ్యి."

ఎంత తేలిగ్గా అనేశాడు. నిదానమ్మ చిటికెనవేలు మొదటిసారి ఆగింది. ఇన్నాళ్ల వేడీ, తిట్లూ, తొట్టిలో వాంతీ, అన్నీ ఒక కాపలావాడి పూటకూలీతో తప్పిపోయేవే. ఆ మాట ముందే అనడానికి అదే నోరు ఉంది. ఇప్పుడు తన పరువు పోయింది కనక అది తెరుచుకుంది.

సూపర్వైజరు తన స్క్రీను ముందు కూర్చుని పచ్చగీతల వంక తృప్తిగా చూసుకున్నాడు. ఎర్రగీత ఒక్కటీ లేదు. అడుగున ఎవరున్నారో తేల్చడానికి లేదు. "నా నోటి మహిమ," అని టపటపతో అన్నాడు. తర్వాత డబ్బాలోంచి ఒక గుండుసూది తీశాడు.

ఇంటికి వచ్చాక మరిది కంచం ముందు కూర్చుని కలుపుతున్నాడే కానీ తినడం లేదు. తోడికోడలు ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైందక్కా?" అంది. నిదానమ్మ కూర గిన్నె ఆమె వైపు జరిపింది. తోడికోడలు నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు అతను తల ఎత్తకుండా అన్నాడు.

"నువ్వే చెప్పావా?"

"నేనే."

"నిన్ను కాపాడ్డానికి చెప్పాను వదినా ఆ ఉపాయం. నీ సంగతి ఆలోచించి."

"అదేనయ్యా నాకు రోత పుట్టించింది. నా ఒక్కదాని సంగతే ఆలోచించావు."

అతని వేళ్లు కంచంలో ఆగాయి. "నేనివాళ వాళ్లకి చెప్పలేదుగా," అన్నాడు చిన్నగా.

చెప్పలేదు. అది నిజమే. ధైర్యం చేసి దాచాడో, చెబితే తన ఉపాయమేనని బయటపడుతుందని చెప్పలేదో ఆమెకి తెలియలేదు. అడగాలనీ అనిపించలేదు. అతని కంచంలో నీళ్లు పోసిన అన్నం తెల్లగా ఉబ్బుతోంది. ఆమె చూపు తిప్పుకుంది.

మర్నాటి పొద్దున కిటికీ పక్క కుర్చీలో పేపరు తెరిచింది. మరిది కాఫీ గ్లాసుతో వచ్చి, అలవాటుగా, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె మొదటి వరస కింద వేలు పెట్టింది. పెదాలు కదలబోయి ఆగాయి.

"ఏమయ్యా."

"ఏంటి వదినా?"

"నేను చదువుకునేటప్పుడు నన్ను చూడకు."

అతను గ్లాసు పట్టుకుని లేచి, కుర్చీ గోడ వైపు తిప్పుకుని, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె అతని వీపు వంక కొంచెంసేపు చూసి, వేలు మళ్లీ మొదటి మాట కిందికి తెచ్చుకుని, దానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆ వరస చదివింది.